మన పళ్ళ క్లిప్పుల డాక్టరు గారి పేరు మీద ఏం చేద్దాం? (ఒంగోలు వాళ్ళంతా ఒకసారి చూడండి)

లాయరుపేట_వాసి
డాక్టరు గారు పోయి నెల దాటింది. ఊళ్ళో వాళ్ళకి తెలిసిందే, బయట ఉన్నవాళ్ళ కోసం చెబుతున్నాను. రాత్రి నిద్రలోనే గుండె ఆగిపోయింది. ముందురోజు సాయంత్రం దాకా ఓపీ చూశారు. పేరూ, ఆస్పత్రి చిరునామా ఎక్కడా పెట్టొద్దని వాళ్ళ అమ్మాయి కోరింది, అందుకే ఇక్కడ కూడా రాయకండి. ఒంగోలులో క్లిప్పుల డాక్టరు గారంటే ఎవరో మనకి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. కొందరు కుర్రాళ్ళు చందాలు వేసుకుని సెంటర్లో ఫ్లెక్సీలు కట్టారు. ఇప్పుడు విగ్రహం అంటున్నారు. వాళ్ళ అభిమానాన్ని నేను తప్పుపట్టను. కానీ బతికుండగా పుట్టినరోజుకి ఒక్క బ్యానరు కూడా కట్టనివ్వని మనిషికి మనం చేయాల్సింది ఇదేనా? ఆ డబ్బు ఆయన పనికే వెళ్ళాలని నా కోరిక. ఏ పనికి, ఎలా అన్నది మీరు చెప్పండి.

ఇంకొకటి. వచ్చే నెల మందిరంలో జ్ఞాపకార్థ కూడిక ఉంది. ఆయన గురించి మీకు గుర్తున్నవి రాస్తే చిన్న పుస్తకం వేద్దామని వాళ్ళ అమ్మాయి అడిగింది. పొగడ్తలు వద్దు, జరిగినవి రాయమంది.

నీలిరబ్బరు
ఎనిమిదో తరగతిలో నాకు ఎత్తు పళ్ళు. బడిలో ఏమని పిలిచేవాళ్ళో రాయను. అమ్మ తీసుకెళ్ళింది. ఆయన అమ్మని వదిలేసి నన్ను అడిగారు, "క్లిప్పులు నీకు కావాలా, అమ్మకి కావాలా?" అని. నాకు తెలీదన్నాను. "అయితే తెలిశాక రా" అని పంపించేశారు. అమ్మకి భలే కోపం వచ్చింది, ఇంత దూరం వస్తే ఊరికే పంపిస్తాడేంటని. వేసవి సెలవుల్లో నేనే అడిగి వెళ్ళాను. అప్పుడు రబ్బర్ల డబ్బా ముందు పెట్టి ఏ రంగు కావాలో తీసుకోమన్నారు. ఏ రంగు తీసుకున్నానో నా పేరు చూస్తే తెలుస్తుంది.

పాత_ట్రంకురోడ్డు
విగ్రహంలో తప్పేముందండీ? ఈ ఊళ్ళో ఎవరెవరికో పెట్టాం. ఒక డాక్టరుకి పెడితే పిల్లలు "ఈయనెవరు" అని అడుగుతారు, చెప్పడానికి ఒక మంచి కథ ఉంటుంది. నేను చందా ఇచ్చాను, ఇంకా ఇస్తాను. మా ఇద్దరు పిల్లల పళ్ళు ఆయనే సరిచేశారు.

సంతపేట_కుర్రాడు
ఫ్లెక్సీ కట్టించిన వాళ్ళలో నేనూ ఉన్నాను అక్కా. మాకు తోచింది చేశాం. మా బ్యాచ్‌లో సగం మందికి ఆయన ఫీజు వాయిదాల్లో తీసుకున్నారు, ముగ్గురి దగ్గర అసలు తీసుకోలేదు. ఊరుకోవడం చేతకాక కట్టాం, అంతే.

లాయరుపేట_వాసి
@సంతపేట_కుర్రాడు నీ మీద కోపం లేదు నాయనా. నువ్వు రాసిన ఆ వాయిదాల సంగతే పుస్తకంలోకి కావాలి. కాస్త వివరంగా రాసి పంపు.

కనిగిరి_మాష్టారు
నేను కనిగిరి వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పనిచేసి రిటైరయ్యాను. మీరంతా ఆయన్ని ఆస్పత్రిలో చూసుంటారు. నేను చూసింది బడి వరండాలో, చెట్టు కింద. అది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

మా నీళ్ళ సంగతి కుర్రాళ్ళకి తెలియకపోవచ్చు. ఫ్లోరైడ్ జబ్బు గురించి 1937లోనే నెల్లూరు జిల్లా మీద పరిశోధన అచ్చయింది. అప్పట్లో మా కనిగిరి, పొదిలి, దర్శి ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టారు. జిల్లాలు మారాయి గానీ బోరు నీళ్ళు మారలేదు. లీటరుకి 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఫర్వాలేదు, వేరే నీళ్ళు లేని చోట 1.5 దాకా సర్దుకోవచ్చు అని ప్రమాణం. మా ఊళ్ళలో చాలా బోర్లు ఆ లెక్కకి ఎప్పుడూ లొంగలేదు.

మా పిల్లలకి గార పళ్ళు. పసుపు, గోధుమ రంగు చారలు. ఆడపిల్లలు ఇటుక పొడితో, బూడిదతో, ఉప్పుతో రుద్దీ రుద్దీ చిగుళ్ళు రక్తాలు చేసుకునేవాళ్ళు. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం వాళ్ళకి అలవాటైపోయింది. డాక్టరు గారు క్యాంపుకి వచ్చిన మొదటిసారి పిల్లల్ని వరుసలో నిలబెట్టి నోరు చూడకముందే ఒకటే ప్రశ్న అడిగారు: "మీ ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివి?" ఏ వీధి, ఏ బోరు, అన్నీ పుస్తకంలో రాసుకున్నారు. సీసాల్లో నీళ్ళు పట్టించి పరీక్షకి తీసుకెళ్ళారు.

సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిపించి చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు. శాశ్వత పళ్ళు బయటికి రాకముందే లోపల ఎముకలో తయారవుతుంటాయి. ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీళ్ళే వాటి రంగు తేలుస్తాయి. ఆ తర్వాత ఎంత రుద్దినా పోదు, రుద్దకపోవడం వల్ల వచ్చిందీ కాదు. కాబట్టి ఇంట్లో మంచినీళ్ళు ఒక్క బిందే ఉంటే అది పసిపిల్లలకి పెట్టండి, మిగిలినవి పెద్దవాళ్ళు తాగండి. ఇంత చిన్న మాట అంతకుముందు మాకెవరూ చెప్పలేదు. మా ఇళ్ళల్లో మంచినీళ్ళు ముందు మగవాళ్ళకి, చుట్టాలకి వెళ్ళేవి. ఆ వారం నుంచి కొన్ని ఇళ్ళల్లోనైనా ఆ వరస మారడం నేను కళ్ళారా చూశాను.

ఎర్రబస్సు
మాష్టారూ, మంచి విషయం చెప్పారు. కానీ క్లిప్పుల డాక్టరుకి నీళ్ళతో ఏం పని? అది ప్రభుత్వం చేయాల్సింది కదా.

పంటి_వైద్యురాలు
@ఎర్రబస్సు పని ఉందండీ. నేను ఆయన దగ్గర కొంతకాలం జూనియర్‌గా చేశాను, చెబుతాను.

క్లిప్పు పంటికి అతకాలంటే ముందు ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పూసి పంటి పైపొరని కాస్త గరుకు చేస్తాం. ఆ గరుకులోకి జిగురు దిగి పట్టుకుంటుంది. ఫ్లోరైడ్ ఎక్కువగా చేరిన పింగాణీ పొర ఆ యాసిడ్‌కి సరిగ్గా లొంగదు. మామూలు పిల్లలకి అతికించినట్టు అతికిస్తే వారం తిరక్కుండా ఊడొస్తుంది. పశ్చిమ ప్రాంతం పిల్లలకి క్లిప్పులు మాటిమాటికీ ఊడిపోతుంటే "గట్టివి నమిలి ఉంటారు" అని పిల్లల్నే తిట్టే డాక్టర్లని చూశాను. ఈయన తిట్టలేదు. యాసిడ్ ఎక్కువసేపు ఉంచడం, అవసరమైతే పైపొరని సన్నగా గీయడం, ఊడితే మళ్ళీ అతికించడం. అటు నుంచి వచ్చే పిల్లలకి మళ్ళీ అతికించినందుకు రూపాయి తీసుకునేవారు కాదు. ఒక్క క్లిప్పు కోసం రెండు గంటల పైన బస్సులో వస్తారు వాళ్ళు, ఆ రోజు తండ్రికి కూలి పోతుంది. ఆ కోపంతోనే నీళ్ళ దాకా వెళ్ళారు ఆయన.

ఎర్రబస్సు
ఇది నాకు తెలీదు. సరే.

అయితే ఒక మాట. అందరూ మంచే రాస్తున్నారు కాబట్టి నేను వేరేది రాస్తాను, పుస్తకంలో వేస్తారో లేదో మీ ఇష్టం. మా చెల్లికి పన్ను తీయడానికి ముందు ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. మా నాన్నకి నచ్చలేదు. వైద్యానికి వస్తే ఇదేంటని వేరే ఊరు తీసుకెళ్ళారు. ఇంకోటి, అపాయింట్‌మెంట్ పదింటికి అని ఒంటిగంటకి చూసేవారు. మంచివాళ్ళయినా సరే, ఇవి నిజాలే కదా.

బండ్లమిట్ట_అక్క
వెయిటింగ్ నిజమే తమ్ముడూ. దానికి నేనూ సంతకం పెడతా 😄 కానీ ఎందుకు ఆలస్యమయ్యేదో కూడా చూశాను. భయపడే పిల్ల వస్తే ఆ పిల్ల దిగేదాకా కుర్చీ ఖాళీ అయ్యేది కాదు.

మతం సంగతి నాకు వేరేగా అనుభవం. మేం ముస్లింలం. రంజాన్ నెలలో మా వాడికి అచ్చు తీయాల్సి వచ్చింది. రోజా ఉన్నాడు, నోట్లో అచ్చు మసాలా పెడితే, పుక్కిలిస్తే ఎలా అని మేం అడగకముందే ఆయనే "ఇఫ్తార్ అయ్యాక రండి" అన్నారు. ఆ నెలంతా మా పేట పిల్లల కోసం రాత్రిపూట ఒక గంట కుర్చీ పెట్టారు. అయ్యప్ప మాల వేసుకున్న వాళ్ళకీ అంతే, పూజ వేళలు అడిగి టైం ఇచ్చేవారు.

క్వయర్_ఆల్టో
@ఎర్రబస్సు మీ నాన్నగారి అభ్యంతరం నాకు అర్థమైంది. నేను ఆయనతో ఒకే మందిరంలో పెరిగాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను, సమర్థించుకోవడానికి కాదు.

పని మొదలుపెట్టే ముందు ఆయన తన కోసం తాను ప్రార్థన చేసుకునేవారు. చెయ్యి తప్పకూడదని. బహుశా మీ నాన్నగారు చూసింది అదే. రోగిని ఎప్పుడూ తనతో కలిసి చేయమనేవారు కాదు. ఇక క్యాంపుల్లో అయితే ఒక్క కరపత్రం పంచనివ్వలేదు. దీని మీద మా మందిరంలోనే కొందరు పెద్దలకి ఆయనంటే కోపం. "ఇంత మంది వస్తుంటే వాక్యం చెప్పకుండా పంపిస్తావా" అని సంఘ కూడికలో నిలదీశారు. దానికి ఆయన చెప్పిన జవాబు మా సంఘం చరిత్రలోదే.

1876 నుంచి 78 దాకా వచ్చిన కరువు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. అప్పుడు ఒంగోలులో ఉన్న బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నారు, జనానికి కూలి దొరకాలని. ఆ కరువు కాలమంతా బాప్తిస్మాలు ఆపేశారు. కూడు కోసం వచ్చేవాళ్ళెవరో, నమ్మకంతో వచ్చేవాళ్ళెవరో తేడా తెలియాలని. కరువు సహాయం ముగిశాకే మళ్ళీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా సండే స్కూల్లో పిల్లలందరికీ ఆ 2,222 కంఠతా వచ్చు. డాక్టరు గారు మాత్రం ఆ అంకె కన్నా ముందు ఆగిన నెలల గురించి చెప్పేవారు. క్యాంపులో నోరు తెరిచి కూర్చున్న మనిషికి కాదనే వీలుండదు, అలాంటి మనిషికి ఏమీ చెప్పకూడదు అనేవారు. ఇది ఆయన మొండిగా పట్టుకున్న విషయం.

కూడికలో పెద్దలు ఒప్పుకోలేదు. ఆయన మారలేదు. అయినా ప్రతి ఆదివారం అదే బల్ల మీద, అదే పెద్దల పక్కన కూర్చునేవారు.

గుండ్లకమ్మ_గట్టు
ప్రార్థన కొండ సంగతి కూడా రాయండి ఆల్టో గారూ. జనవరి 1.

క్వయర్_ఆల్టో
అవును. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దొర దంపతులు నెల్లూరు నుంచి వచ్చిన కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ఒంగోలు పక్క కొండ ఎక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. క్లౌ దొర వచ్చింది 1866లో. డాక్టరు గారు ప్రతి కొత్త సంవత్సరం చీకటితోనే ఆ కొండ ఎక్కేవారు. మోకాళ్ళ నొప్పులు వచ్చాక కూడా. పైన నిలబడి ఆ ఏడాది చికిత్స మధ్యలో ఉన్న పిల్లల పేర్లు ఒక్కొక్కటే చదివేవారు, చిట్టీ చూసి. హిందూ పిల్లలు, ముస్లిం పిల్లలు, అందరివీ. నేను పక్కనే ఉండి విన్నాను. చలికి మేం వణుకుతుంటే ఆ జాబితా అయ్యేది కాదు.

నీలిరబ్బరు
నా పేరు కూడా చదివి ఉంటారా?

క్వయర్_ఆల్టో
@నీలిరబ్బరు ఆ ఏడు మీకు క్లిప్పులు ఉంటే చదివారు.

డల్లాస్_ఒంగోలోడు
ఆఫీసులో కూర్చుని చదువుతున్నా, ఇక పని సాగదు.

అమెరికా వచ్చే ముందు చూపించుకోవడానికి వెళ్తే "పాస్‌పోర్ట్ ఎక్కడ పెట్టావో అమ్మ చూసుకుంటుంది, రిటైనర్ ఎక్కడ పెట్టావో నువ్వు చూసుకో" అన్నారు. ఇక్కడి పంటి డాక్టరు నా నోరు చూసి ఎవరు చేశారని అడిగాడు. ఒంగోలు అని చెప్పాను, వినగానే "గిత్తలు" అని గుర్తుపట్టడానికి అతనేం మనవాడు కాదు కదా, మ్యాప్‌లో చూపించాల్సి వచ్చింది 😀

డబ్బు ఎంత కావాలో చెప్పండి. ఇక్కడ మన జిల్లావాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఆర్థోడాంటిక్స్ (వంకర పళ్ళు సరిచేసే వైద్యం) ఎండీఎస్ చదివే ఒక విద్యార్థికి ఏటా స్కాలర్‌షిప్ ఇద్దామా, ఆయన పేరుతో?

పాత_ట్రంకురోడ్డు
స్కాలర్‌షిప్ తీసుకున్న పిల్లవాడు చదువయ్యాక హైదరాబాదులో పెద్ద క్లినిక్ పెడతాడు. మన ఊరికి ఏం ఒరిగింది?

డల్లాస్_ఒంగోలోడు
అది కూడా నిజమే అన్నా. బీడీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదేళ్ళు, ఎండీఎస్ మూడేళ్ళు, అన్నేళ్ళు అప్పులు చేసి చదివినవాణ్ణి ఇక్కడే ఉండమనలేం. డాక్టరు గారు ఉండిపోయారంటే అది ఆయన నిర్ణయం.

మైసూర్‌పాక్
క్షమించండి, నాది వేరే సమస్య, కానీ ఇక్కడే అడగాలి. మా అమ్మాయికి క్లిప్పులు వేసి ఏడాది అయింది. డాక్టరు గారు పోయారు. ఇప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? దుకాణం లాంటి చోట ఒకతను "తీసేసి మళ్ళీ మొదటి నుంచి వేస్తా" అంటున్నాడు. అమ్మాయి ఏడుస్తోంది. ఒకటే టెన్షన్.

పంటి_వైద్యురాలు
@మైసూర్‌పాక్ తీయించకండి. మీలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు, అందరికీ పనికొస్తుందని ఇక్కడే రాస్తున్నాను.

ముందు ఆస్పత్రికి వెళ్ళి మీ అమ్మాయి ఫైలు తీసుకోండి. అందులో మొదట తీసిన ఎక్స్‌రేలు, ఫోటోలు, ఏ పన్ను తీశారు, ఇప్పుడు ఏ సైజు తీగ మీద ఉంది, అన్నీ రాసి ఉంటాయి. ఆయన రాత ముత్యాల్లా ఉంటుంది, ఎవరైనా చదవగలరు. పళ్ళ అచ్చుల డబ్బా కూడా అడగండి, పిల్లల పేర్లు రాసి అల్మారాల్లో వరసగా పెట్టి ఉన్నాయి. వాటితో ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ చేసినవాళ్ళ దగ్గరికి వెళితే ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. చికిత్స మధ్యలో డాక్టరు మారడం కొత్తేం కాదు.

అప్పటిదాకా: తీగ గుచ్చుకుంటే ఆర్థో మైనం అద్దండి. క్లిప్పు ఊడితే పారేయకుండా దాచండి. నెలల తరబడి ఎవరికీ చూపించకుండా మాత్రం వదిలేయకండి, తీగ తన పని తాను చేసుకుపోతుంది, పళ్ళు అనుకోని వైపు జరగొచ్చు. రాత్రిపూట ప్లేటు పెట్టుకునే వాళ్ళు మానేయొద్దు.

డాక్టరు గారి అమ్మాయి చెప్పి ఒక తెలిసిన డాక్టర్ని వారానికి రెండు రోజులు అక్కడికే రప్పిస్తోంది. పాత ఫీజు ఒప్పందమే ఉంటుంది. రేపు ఫోన్ చేయండి.

మైసూర్‌పాక్
దేవుడు మీకు మేలు చేయాలి తల్లీ. ఇప్పుడే అమ్మాయికి చదివి వినిపించాను.

సంతపేట_కుర్రాడు
మీ హ్యాండిల్ చూస్తే గుర్తొచ్చింది. క్లిప్పులున్న వాళ్ళకి మైసూర్‌పాక్‌కి పర్మిషన్ ఉండేది, జంతికలకీ చెరుకు ముక్కకీ లేదు. సంక్రాంతి ముందు ఆయనే అందరికీ మెసేజ్ పెట్టేవారు. మా నాయనమ్మ ఆ మెసేజ్ చూసి అరిసెలు మెత్తగా చేసింది!

పొదిలి_పిల్ల
మూడు రోజుల నుంచి చదువుతున్నా. రాయాలా వద్దా అనుకుంటూ ఇప్పుడు రాస్తున్నా.

మా బాబు గ్రహణమొర్రితో పుట్టాడు. పెదవి, లోపల అంగిలి రెండూ చీలి ఉన్నాయి. పాలు తాగలేకపోయేవాడు, ముక్కులోంచి వచ్చేవి. మా అత్తగారు ఆస్పత్రి వరండాలోనే మొదలుపెట్టింది, గ్రహణం రోజు బయటికి వెళ్ళావు, కూరగాయలు కోశావు అని. మా ఆయన ఏం మాట్లాడలేదు. నాకు ఇరవై ఏళ్ళు అప్పుడు. నేనూ అదే నిజమనుకున్నా.

పొదిలిలో పిల్లల డాక్టరు ఈయన దగ్గరికి వెళ్ళమన్నారు. పళ్ళే లేని పసిగుడ్డుని పళ్ళ డాక్టరు దగ్గరికి ఎందుకని మా వాళ్ళు గొణిగారు. వెళ్ళాం. ఆయన బాబుని చూడకముందే మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి గోడకున్న క్యాలెండరు తెప్పించారు. గ్రహణం ఏ నెలలో వచ్చిందమ్మా అని అడిగారు. అప్పటికి నాకు అయిదో నెల. "బిడ్డ పెదవి రెండో నెల లోపలే కలవాలి, అంగిలి మూడో నెలకి. మీ కోడలు తప్పు చేసి ఉంటే పెదవి చీలాక చేసినట్టు లెక్క" అని నెమ్మదిగా, చాలా మర్యాదగా చెప్పారు. సుమారు ఏడువందల పుట్టుకల్లో ఒకరికి ఇలా అవుతుందనీ, ఎవరి పాపమూ కాదనీ చెప్పారు. మా అత్తగారు ఇంటికొచ్చాక ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకు అదే పెద్ద వైద్యం.

తర్వాత బాబు నోటికి అచ్చు తీసి చిన్న ప్లేటు చేశారు. బుగ్గలకి టేపు అంటించి కట్టాలి. వారం వారం వెళితే ఆ ప్లేటుని కొంచెం కొంచెం సానపట్టి, చీలిన ముక్కల్ని దగ్గరికి జరిపారు, ముక్కు ఒక పక్కకి అణిగి ఉంటే దాన్నీ లేపారు. ఉగ్గుగిన్నెతో బిడ్డని నిటారుగా పట్టుకుని పాలు ఎలా పట్టాలో నాకు చేసి చూపించారు. నాలుగో నెలలో పెదవి ఆపరేషను, ఏడాదికి అంగిలి. స్మైల్ ట్రైన్ అనే సేవా సంస్థ సాయంతో జరిగింది, మేం పైసా కట్టలేదు. కానీ ఆపరేషను ఉచితమైనా బస్సు ఉచితం కాదు. అటెండరు ప్రతిసారి ఒక కవరు ఇచ్చేవాడు, "డాక్టరు గారు ఫైలులో పెట్టమన్నారు" అని. అందులో చార్జీలు ఉండేవి.

ఆపరేషను అయ్యాక అయిపోయిందనుకున్నాం. కాదన్నారు. మాట నేర్పే వాళ్ళ దగ్గరికి పంపారు. తొమ్మిదో ఏట కోరపన్ను రాకముందు చిగుళ్ళ ఎముకలో ఎముక ముక్క పెట్టాలి, లేకపోతే పన్ను దిగడానికి చోటు ఉండదు, ఆ తారీకు ఆయనే గుర్తుపెట్టుకుని ఫోన్ చేశారు. మేం మర్చిపోయాం, ఆయన మర్చిపోలేదు. ఇప్పుడు మా వాడికి క్లిప్పులున్నాయి. ఇంటర్ చదువుతున్నాడు. కాలేజీలో వక్తృత్వ పోటీలో మాట్లాడాడు. వీడియో ఆయనకి పంపిస్తే మధ్యాహ్నం ఓపీలో కూర్చున్న వాళ్ళందరికీ చూపించారట.

బండ్లమిట్ట_అక్క
తల్లీ 🙏 ఆ వీడియో నేను చూశాను! ఆ రోజు నేను ఓపీలో ఉన్నాను. ఆయన రెండుసార్లు వేయించారు.

కనిగిరి_మాష్టారు
ఇంక నిధి దేనికో వెతుక్కోవక్కర్లేదనిపిస్తోంది. నా ఆలోచన ముందు వేరేగా ఉండేది, మా ఊళ్ళో ఒక ఫ్లోరైడ్ తీసే ప్లాంటు పెట్టించమని అడుగుదామనుకున్నాను. కానీ అది మనలాంటి వాళ్ళు నడపలేరు. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి వచ్చింది, తర్వాత ఆర్వోలు వచ్చాయి, పెట్టినవాళ్ళు ఫోటో దిగి వెళ్ళాక ఫిల్టరు మార్చే దిక్కు లేక మూలపడ్డవి ఎన్నో చూశాను. నీళ్ళ కోసం ప్రభుత్వాన్నే పట్టుకుందాం. మన డబ్బు ఆ కవర్లకి పెడదాం.

పంటి_వైద్యురాలు
నేనూ అదే అనబోతున్నాను. మొర్రి పిల్లల ఆపరేషన్లకి సాయం దొరుకుతుంది. 2013 నుంచి ప్రభుత్వ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పరీక్ష చేసి పంపిస్తున్నారు కూడా. దొరకనిది ఆ తర్వాతి పదిహేనేళ్ళకి. ప్లేట్లు, మాట శిక్షణ, క్లిప్పులు, రానుపోను చార్జీలు. మధ్యలో మానేసేవాళ్ళు మానేసేది అక్కడే. ఆయన దగ్గర ఇలాంటి పిల్లల చిట్టా ఒకటి ఉంది, ఎవరికి ఏ ఏడు ఏం చేయాలో రాసి.

పాత_ట్రంకురోడ్డు
నా మాట నేను మార్చుకోను, విగ్రహం ఉంటే బాగుండేదనే అంటాను. కానీ పొదిలి అమ్మాయి రాసింది చదివాక నా చందా మాత్రం కవర్లకి తీసుకోండి. మిగతావాళ్ళ డబ్బు వాళ్ళని అడక్కుండా మళ్ళించొద్దు, అది పద్ధతి కాదు. నేనూ కుర్రాడూ కలిసి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాం. విగ్రహమే కావాలన్నవాళ్ళకి వెనక్కి ఇచ్చేద్దాం.

సంతపేట_కుర్రాడు
సరే అంకుల్. లిస్టు నా దగ్గరుంది. ఫ్లెక్సీలు ఈ రాత్రికి దించేస్తాం.

ఎర్రబస్సు
నాది కూడా రాసుకోండి. ప్రార్థన విషయంలో మా నాన్న అభిప్రాయం మారుతుందని చెప్పను, ఆయన్ని నేను మార్చలేను కూడా. కానీ క్యాంపుల్లో కరపత్రాలు పంచనివ్వలేదని చెబితే కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఎంత ఇస్తున్నావని అడిగారు.

డల్లాస్_ఒంగోలోడు
మా వాటా పంపిస్తాం. ఒక షరతు: లెక్కలు మూడు నెలలకోసారి ఇక్కడే పెట్టండి. పిల్లల పేర్లు లేకుండా.

లాయరుపేట_వాసి
పెడతాం. వాళ్ళ అమ్మాయితో ఇప్పుడే మాట్లాడాను. చిట్టా ఇస్తానంది, కానీ ఒకరి చేతిలోనే ఉండాలంది. పంటి_వైద్యురాలు గారూ, మీరు తీసుకుంటారా? ఫోన్లు చేసే పని నేను చూసుకుంటాను.

పంటి_వైద్యురాలు
తీసుకుంటాను. వచ్చే శనివారం ఇద్దరు పిల్లలు రావాలి, ఒకరు దర్శి నుంచి, ఒకరు కనిగిరి అవతల నుంచి. మాష్టారూ, ఆ రెండో బాబుది మీ పాత బడి ఊరే. ఇంటికెళ్ళి చెప్పగలరా? ఫోన్ ఎత్తడం లేదు.

కనిగిరి_మాష్టారు
రేపు పొద్దున్నే వెళ్తాను. తండ్రి పేరు నాకు వేరుగా పంపండి.